నా ఎఫ్ గ్రేడ్లకు సీల్డ్ కవరు

నా బీటెక్ మొదటి సంవత్సరం మార్కుల మెమోలు ఇప్పుడు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఫైలులో ఉన్నాయి. లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాల్‌క్యులస్ ఎదురుగా ఎఫ్. ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఎదురుగా ఎఫ్. అప్లైడ్ ఫిజిక్స్‌కు మొదట ఎఫ్, తర్వాత సప్లిమెంటరీలో బొటాబొటిగా గట్టెక్కిన గ్రేడు. అన్నిటినీ నేనే పంపించాను. పంపాలా, దాచాలా అన్న మీమాంస గురించి చాలామంది అడుగుతారు గానీ నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది అది కాదు. ఆ కాగితాలు చేతికి రావడమే పెద్ద పని. తక్కువ మార్కులు తెచ్చుకోవడం కన్నా వాటి మీద ముద్ర వేయించుకోవడం కష్టమని కర్నూలులో నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. మధ్యలో చదువు మానేసి మరో కాలేజీకి మారాలనుకునేవారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

2022లో ఇంటర్ పూర్తి చేసి, ఈఏపీసెట్ రాసి, కర్నూలు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ సీటు తీసుకున్నాను. అనంతపురం జేఎన్‌టీయూకు అనుబంధ కాలేజీ అది. రోజూ వెళ్లాను. హాజరు తగ్గలేదు, జబ్బు చేయలేదు, ఇంట్లో ఏ కష్టమూ లేదు. చదివాను, పోయాయి. ఈ మాట ఇంత సూటిగా చెబితే బంధువులకు నచ్చదు. ఏదో ఒక కారణం చెబితే వాళ్లకు ఊరట.

ఆ సంవత్సరమే స్నేహితులతో కలిసి ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు, తర్వాత బెలూం గుహలకు వెళ్లాను. అందరూ ఫొటోలు దిగుతుంటే నేను గుహ గోడ మీది పొరలు చూస్తూ నిలబడిపోయాను. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, మనం ఇళ్లలో అరుగులకు, వంటగది గట్లకు వేయించుకునే కడప రాయి పుట్టిన ఈ ప్రాంతాన్ని ప్రపంచమంతటా భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ పేరుతో గుర్తిస్తారని, ఇక్కడి అడుగు పొరల వయసు 190 కోట్ల ఏళ్ల దాకా ఉంటుందని. ఆ తర్వాత సర్క్యూట్ల మీద మనసు నిలవలేదు. 2024 ఆరంభంలో, రెండో సంవత్సరం మధ్యలో కాలేజీ మానేశాను. అమెరికా వెళ్లి భూగర్భశాస్త్రం చదవాలనుకున్నాను.

కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉండగా, రాళ్ల కోసం రాళ్లున్న చోటు వదిలిపెట్టి పోతావా అని మా మేనత్త అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఒహాయోలో మా బాబాయి ఉన్నాడు. ఇంట్లో ఉంచుకుని చదివిస్తానన్నాడు. ఫీజులో కొంత ఆయన, మిగతాది పొలం తాకట్టు మీద బ్యాంకు అప్పు. అంతకు మించిన గొప్ప కారణం ఏమీ లేదు.

రాజ్‌విహార్ సెంటర్ దగ్గర విదేశీ చదువుల కన్సల్టెన్సీ ఒకదానికి నాన్న, నేను వెళ్లాం. ఇలాంటి చోట్ల చాలావరకు మన దగ్గర ఫీజు తీసుకోరు. విద్యార్థి చేరాక అవతలి విద్యాసంస్థ నుంచి కమిషన్ వస్తుంది. ఇది తెలిస్తే వాళ్లిచ్చే సలహాలు సగం అర్థమవుతాయి. అక్కడి మేనేజరు నా మెమోలన్నీ ఒకసారి తిరగేసి, అంచులు సమానంగా సర్ది, బల్ల మీద బోర్లించి నాన్న వైపు జరిపారు.

"ఇవి బీరువాలో పెట్టుకోండి సార్. అమ్మాయికి ఇంటర్‌లో మంచి మార్కులున్నాయి. వాటితోనే ఫ్రెష్ అడ్మిషన్‌కు వేద్దాం. బీటెక్ చదవనే లేదు. రెండేళ్లు గ్యాప్, అంతే."

"ఆ రెండేళ్లు ఏం చేసిందని రాస్తారు?" అన్నాడు నాన్న.

"గ్యాప్ సర్టిఫికెట్ చేయిద్దాం. నోటరీ మనకు తెలిసినవారే. కంప్యూటర్ కోర్సు నేర్చుకున్నట్టు ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒక లెటర్ కూడా ఇప్పిస్తాం."

నాన్న నవ్వు ఆపుకోవడం నాకు కనబడింది. ఆయన దస్తావేజు లేఖరి. రిజిస్ట్రేషన్ కార్యాలయం ఎదుట రేకుల షెడ్డులో కూర్చుని అమ్మకాలు, గిఫ్టులు, భాగపరిష్కారాలు, వీలునామాలు రాస్తూ జుట్టు నెరిసినవాడు. నిజంగా ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లలకు గ్యాప్ అఫిడవిట్లు ఆయన కూడా రాసిస్తాడు. అందుకే మేనేజరు మాటలకు ఆయనకు కోపం రాలేదు, పని గుర్తొచ్చింది. వరసగా అడగడం మొదలుపెట్టాడు.

"సరే సార్. బీటెక్ చదవలేదంటే ఇంటర్ టీసీ ఒరిజినల్ మా దగ్గరే ఉండాలి కదా. అది బీటెక్ కాలేజీ ఫైల్లో ఉంది. రేపు బ్యాంకు అడిగితే?"

"డూప్లికేట్ తీసుకోవచ్చు."

"డూప్లికేట్ కావాలంటే పోయిందని పోలీసు స్టేషన్‌లో రాసివ్వాలి. వెతికాం, దొరకలేదని వాళ్లు సర్టిఫికెట్ ఇవ్వాలి. దాని మీద మళ్లీ నేను అఫిడవిట్ వేయాలి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో అమ్మాయి పేరు మీద సీటు కేటాయించినట్టు ఉంది, దాన్నేం చేద్దాం? విద్యాదీవెన డబ్బు మా ఆవిడ ఖాతాలో పడింది. లోనుకు ఆ ఖాతా స్టేట్‌మెంటే పెట్టాలి. చదవని చదువుకు ప్రభుత్వం ఫీజు ఎందుకు ఇచ్చిందంటే ఏం చెప్పాలి?"

మేనేజరు కాసేపు పెన్ను తిప్పారు. "అమెరికావాళ్లు అంత లోతుకు పోరు సార్," అన్నారు.

ఇంటికొచ్చే దారిలో నాన్న అన్న మాట నాకు బాగా నచ్చింది. పొలం ఎంత సారవంతమైనదైనా, మధ్యలో ఒక లింకు డాక్యుమెంటు, అంటే పొలం చేతులు మారినప్పటి పాత దస్తావేజు, లేకపోతే బ్యాంకు దాని ముఖం చూడదు. నీటి తడి లేని చవిటి నేల అయినా లింకులన్నీ వరసగా ఉంటే ఎంతో కొంతకు అమ్ముడుపోతుంది. "నీది రెండో రకం పొలం," అన్నాడు. కూతురి మార్కుల గురించి ఒక తండ్రి ఇంతకన్నా మర్యాదగా చెప్పలేడనుకుంటాను.

ఆ వారాంతంలో బాబాయి ఫోను చేసి మరో సంగతి చెప్పాడు. ఎక్కడైనా ఒకసారి కాలేజీలో చేరి, ఎంత కొద్దికాలమైనా చదివి, మరో కాలేజీకి దరఖాస్తు చేస్తే అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఆ విద్యార్థిని ట్రాన్స్‌ఫర్ అభ్యర్థిగానే, అంటే వేరే కాలేజీ నుంచి మారి వచ్చినవారిగానే చూస్తాయి. ఇంటర్ తర్వాత చేరిన ప్రతి విద్యాసంస్థ పేరూ దరఖాస్తులో రాయాలి. మార్కులు వచ్చాయా లేదా, పాసయ్యారా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. ఒకటి దాచారని తర్వాత తేలితే ఇచ్చిన సీటు రద్దు చేస్తామని, చదువుతున్నా పంపించేస్తామని దరఖాస్తులోనే రాసి, దాని కింద సంతకం తీసుకుంటారు. ఇది విశ్వవిద్యాలయం వరకు. వీసా సంగతి వేరు. డీఎస్-160 దరఖాస్తులో ఉన్నత పాఠశాల స్థాయి నుంచి చదివిన సంస్థల పేర్లు, చిరునామాలు, తేదీలు అడుగుతారు. అక్కడ బీటెక్ రాస్తే విశ్వవిద్యాలయానికి ఇచ్చినదానితో పొంతన కుదరదు. రాయకపోతే సాక్షాత్తు ఆ దేశ ప్రభుత్వానికే అబద్ధం చెప్పినట్టు. వీసా కోసం తెలిసీ ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే వాళ్ల వలస చట్టం ప్రకారం ఆ దేశంలో ప్రవేశానికి శాశ్వతంగా అనర్హత. మినహాయింపులు ఉన్నా దొరకడం తేలిక కాదు.

"మూడు సబ్జెక్టుల కోసం జీవితాంతం నిషేధమా?" అంది అమ్మ. చర్చ అంతటితో ముగిసింది. అసలు పని మొదలైంది.

మొదటి మజిలీ నా పాత కాలేజీ. పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ మెమోలు, టీసీ, స్టడీ, కాండక్ట్ సర్టిఫికెట్లు కావాలి. చేరేటప్పుడు ఒరిజినళ్లన్నీ వాళ్లే తీసుకుని పెట్టుకున్నారు. మన దగ్గర ఇది ఎంత మామూలు విషయమంటే, చేరేటప్పుడు ఎవరూ ప్రశ్నించరు, మానేసేటప్పుడే తెలిసొస్తుంది. మిగిలిన సంవత్సరాల ఫీజు కడితేనే ఇస్తామన్నారు. మీరు ఖాళీ చేసిన సీటు ఇక నిండదు కదా, ఆ నష్టం ఎవరు భరిస్తారని ఆఫీసులో అడిగారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ లెక్కే. కానీ 2018 అక్టోబరులో యూజీసీ జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం విద్యాసంస్థలు ఒరిజినల్ సర్టిఫికెట్లను సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలి, తమ దగ్గర ఉంచుకోకూడదు. సాంకేతిక విద్యాసంస్థలకు ఏఐసీటీఈ కూడా ఇదే మాట చెబుతూ వస్తోంది.

నోటిమాటగా ఈ సంగతి చెబితే ఎవరూ పట్టించుకోలేదు. నాన్న ఆ రాత్రి బల్ల ముందు కూర్చుని ఉత్తరం రాశాడు. పైన కుడివైపు తేదీ, స్థలం. ఎడమవైపు "గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారి సముఖమునకు". కింద విషయము, దాని కింద సూచిక, సూచికలో యూజీసీ నోటిఫికేషన్. ఆ తర్వాత అంకెలు వేసిన పేరాలు, ఒక్కో పేరాకు ఒక్కో సంగతి. ఎక్కడా కోపం లేదు, వేడుకోలు లేదు. నేను చదివిన కాలానికి బకాయి ఏదైనా ఉంటే కడతామని ఒక పేరా, ఒరిజినళ్లు ఇవ్వడం కుదరకపోతే ఆ సంగతి కారణంతో సహా రాతపూర్వకంగా తెలపాలని చివరి పేరా. ఆ చివరి పేరాయే మందు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకటి ఇన్‌వర్డ్ గుమాస్తాకు, అంటే వచ్చిన ఉత్తరాలు నమోదు చేసుకునే ఆయనకు ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకున్నాం. "ఇవ్వం" అని కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరూ సిద్ధపడరని నాన్న ముందే చెప్పాడు. అలాగే జరిగింది. కొంతకాలం తిప్పారు గానీ ఇచ్చారు. మీకూ ఈ చిక్కు వస్తే వాదించకండి, రాసివ్వండి, ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి.

టీసీలో ఏ తరగతిలో మానివేసినది అన్న చోట రెండో సంవత్సరం బీటెక్ అని, కారణం దగ్గర సొంత పనుల వల్ల అని రాశారు. నిజం రాయించుకోవాలని వచ్చినదాన్ని గనక ఆ "సొంత పనులు" చూసి కాస్త ఇబ్బంది పడ్డాను. మన దేశంలో టీసీలన్నీ సొంత పనులవల్లే పుడతాయని గుమాస్తా ధైర్యం చెప్పారు.

రెండో మజిలీ అనంతపురం. మాది స్వయంప్రతిపత్తి లేని కాలేజీ కాబట్టి పరీక్షలు నిర్వహించేది, మార్కులు ధ్రువీకరించేది విశ్వవిద్యాలయమే. కోర్సు పూర్తి చేసినవారికైతే అన్ని సెమిస్టర్లూ కలిపి ఒకే మెమో ఉంటుంది. మధ్యలో మానేసినవాళ్లకు అది రాదు. ఏ పరీక్షకు ఆ మెమో విడివిడిగా పెట్టాల్సిందే, రెగ్యులర్‌వి, సప్లిమెంటరీవి అన్నీ. అసలు చిక్కు ఇక్కడే ఉంది, దాచాలనుకునేవారికి సందు కూడా ఇక్కడే. సప్లిమెంటరీలో పాసైతే దానికి వేరే మెమో వస్తుంది, అందులో ఎఫ్ ఉండదు. పాతది పక్కన పెట్టి కొత్తది మాత్రమే చూపిస్తే ఫిజిక్స్ మొదటిసారే పాసైనట్టు కనిపిస్తుంది. కానీ మెమో మీద పరీక్ష జరిగిన నెల, సంవత్సరం అచ్చయి ఉంటాయి. మిగతా సబ్జెక్టులన్నీ ఒక నెలలో రాసి, ఫిజిక్స్ ఒక్కటి చాలా నెలల తర్వాత ఎందుకు రాసిందని చూసేవారికి అనుమానం రాక తప్పదు.

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు. పొద్దున్నే బస్సెక్కి, గుత్తిలో దిగిన పది నిమిషాల్లో ఉగ్గాని, బజ్జీ తిని, ఆఫీసులు తెరిచే వేళకు అనంతపురం చేరాం. విశ్వవిద్యాలయం దగ్గర్లో జిరాక్సు తీయిస్తుంటే దుకాణంలో కుర్రాడు మెమోలు ఒక్కొక్కటే అద్దం మీద పెడుతూ ఆగిపోయాడు.

"అక్కా, ఫిజిక్స్ పాసైన మెమో ఉంది కదా, ఈ పాతది ఎందుకు? ట్రాన్స్‌క్రిప్టులకు వచ్చేవాళ్లు మంచివే తీయించుకుంటారు."

"అన్నీ కావాలి తమ్ముడూ."

"ఎఫ్‌లున్నవి కూడానా?"

"అవే ముఖ్యం."

నన్ను ఒకసారి, నాన్నను ఒకసారి చూసి, ఇంక మాట్లాడకుండా అన్నీ తీశాడు. ఎఫ్ ఉన్న పేజీలు కొంచెం మసకగా వచ్చాయి. మళ్లీ తీయించాను. మసక కాగితం పంపితే అదీ దాచడమేనని ఎవరైనా అంటారేమోనని భయం. ఈ నిజాయితీ అనేది ఒకసారి పట్టుకుంటే పిచ్చిగా మారుతుంది, జాగ్రత్త.

పరీక్షల విభాగంలో ప్రతి మెమోనూ తమ రికార్డుతో సరిచూసి, ప్రతులకు ముద్ర వేసి, కవర్లలో పెట్టి అంటించారు. ఆ అంటించడం చూడవలసిన దృశ్యం. మూత మీద జిగురు రాసి, వేళ్లతో అదిమి, అతుకు మీదుగా సంతకం చేసి, గుండ్రటి ముద్ర సగం మూత మీద, సగం కవరు మీద పడేలా కొట్టి, చెరిగిపోకుండా దాని మీద పారదర్శకమైన టేపు అంటించారు. అప్పటి నుంచి ఆ కవరును మనం కూడా తెరవకూడదు. తెరిస్తే లోపల ఉన్నది ఎంత నిజమైనా చెల్లదు. కవర్లు అవసరానికి మించి కొన్ని ఎక్కువ తీసుకోండి. తర్వాత ఇంకో చోటికి దరఖాస్తు చేయాలనిపిస్తే మళ్లీ ఇంత దూరం రానక్కర్లేదు.

ఆ కవరుకు మొదటి గండం కర్నూలులోనే ఎదురైంది. విదేశాలకు వెళ్లే ప్యాకెట్లో ఏముందో చూడనిదే తీసుకోమని కొరియర్ ఆఫీసులో కత్తెర తీశారు. నేను కవరు మీద చేతులు పెట్టి అడ్డుపడ్డాను. చివరికి వాళ్ల పై అధికారితో ఫోనులో మాట్లాడి, కవరు మీద ఉన్న విశ్వవిద్యాలయం ముద్ర చూపించి, లోపల చదువు కాగితాలే ఉన్నాయని నేను రాసిచ్చాక ఒప్పుకున్నారు. సీలు వేసిన కవరును అలాగే, అంటించని మరో పెద్ద కవరులో పెట్టి, పక్కనే లోపలి కాగితాల జిరాక్సు ఒకటి ఉంచితే ఈ గొడవ సగం తగ్గుతుంది.

అమెరికాలో మార్కుల మూల్యాంకనం చేసే సంస్థలు వేరే ఉంటాయి. మన కవరు ముందు వాళ్లకు వెళ్తుంది. ఒక్కో సబ్జెక్టును వాళ్ల క్రెడిట్లలోకి, వాళ్ల గ్రేడ్లలోకి మార్చి నివేదిక ఇస్తారు. మన 60ని వాళ్ల 60గా లెక్కపెట్టరు. 40కి పాసయ్యే మన పద్ధతి వాళ్లకు తెలుసు. ఇది తెలియక చాలామంది తమ మార్కులను చూసి తామే ఎక్కువ భయపడతారు. ఎఫ్ మాత్రం ఏ దేశంలోనైనా ఎఫ్ కిందే లెక్క.

ఇక కాలేజీ రిపోర్టు అనే ఫారం. ట్రాన్స్‌ఫర్ అభ్యర్థి గురించి పాత కాలేజీ నింపవలసినది. విద్యార్థి మీద క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉన్నాయా, తిరిగి ఇదే కాలేజీలో చేరడానికి అర్హత ఉందా అన్నవి అందులో ప్రశ్నలు. కింద రిజిస్ట్రార్ సంతకం చేయాలి. మా కాలేజీలో రిజిస్ట్రార్ లేరు, ప్రిన్సిపాలే ఉంటారు. రిజిస్ట్రార్ ఉండేది అనంతపురంలో. ఈ సంగతి అమెరికాకు మెయిలు రాస్తే ప్రిన్సిపాల్ సంతకం చాలన్నారు, కానీ ఫారం కాలేజీ అధికారిక మెయిలు నుంచే రావాలన్నారు. మా ప్రిన్సిపాల్ గారు వాడేది అందరిలాగే ఉచిత మెయిలు. అది చెల్లదట. కాలేజీ పేరుతో ఉన్న మెయిలు ఎవరి దగ్గర ఉందని ఆరా తీస్తే ప్లేస్‌మెంట్ ఆఫీసరు గారి దగ్గర తేలింది. కంపెనీలకు రాయడానికి పెట్టుకున్నారట. ఒక్క ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టకుండా ప్లేస్‌మెంట్ ఆఫీసరు సాయం పొందిన విద్యార్థిని బహుశా నేనేనేమో. ప్రిన్సిపాల్ గారు కూడా మంచివారే. తిరిగి చేరడానికి అర్హత ఉందా అన్న చోట ఆగి, "వస్తావా అమ్మా?" అని నవ్వి, ఉంది అని గుర్తు పెట్టారు.

కాగితాల సంగతి ఇలా ఉంటే, సొంతంగా రాయవలసిన వివరణ మరో రకం తలనొప్పి. మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పడానికి దరఖాస్తులో కొద్దిపాటి చోటు ఇస్తారు. నా మొదటి ప్రతి పొడుగ్గా, కన్నీళ్లతో సాగింది. తల్లిదండ్రుల కల, చిన్న ఊరు, ఇంజనీరింగ్ మీద సమాజం మోజు, అన్నీ వచ్చాయి. బాబాయి చదివి ఒకే మాట అడిగాడు: "ఇందులో నువ్వు ఏం చదివావో, ఏం పోయిందో ఎక్కడుంది?" ఎక్కడా లేదు. చివరికి పంపిన వివరణకు దాదాపు ఇదీ తెలుగు:

"2022 నుంచి 2024 ఆరంభం వరకు నేను కర్నూలు సమీపంలోని ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చదివాను. మూడు సబ్జెక్టులలో తప్పాను. ఒకటి మళ్లీ రాసి పాసయ్యాను, రెండు మిగిలాయి. అన్ని మెమోలూ జతచేశాను. ఆ కాలంలో నేను అనారోగ్యంతో లేను, హాజరు తగ్గలేదు. ఆ శాఖ నాకు సరిపడలేదు. భూగర్భశాస్త్రానికీ గణితం అవసరమని తెలుసు కాబట్టి ఆన్‌లైన్‌లో గణితం కోర్సు మొదటి నుంచి మళ్లీ చదివి పరీక్ష రాశాను. దాని సర్టిఫికెట్ కూడా జతచేస్తున్నాను."

అనారోగ్యంతో లేను అన్న వాక్యం అవసరమా అని బాబాయికి సందేహం. నేను పట్టుబట్టి ఉంచాను. చదివేవారు ఏదో ఒక జబ్బు ఊహించుకుని జాలిపడి సీటిస్తే, అదీ ఒక రకంగా నేను చెప్పని అబద్ధం ఖాతాలో పడుతుంది. ఈ విషయంలో ఇప్పటికీ మా ఇద్దరికీ ఏకాభిప్రాయం లేదు.

నిజం చెప్పగానే తలుపులు బార్లా తెరుచుకోలేదు. కొన్ని చోట్ల నుంచి మర్యాదగా వద్దన్నారు. అందులో ఒకటి నేను చాలా ఆశ పెట్టుకున్నది. ఎఫ్‌లు చూపకపోతే అక్కడ వచ్చేదేమో, ఇంటర్ మార్కులకు స్కాలర్‌షిప్పు కూడా వచ్చేదేమో, చెప్పలేను. ఒహాయోలోని ఈ విశ్వవిద్యాలయం మాత్రం నా కాలేజీ క్రెడిట్లు తక్కువ కాబట్టి పదో తరగతి, ఇంటర్ మార్కులు కూడా చూస్తామని, వాటికీ సీల్డ్ ప్రతులు పంపమని అడిగింది. క్రెడిట్లు తక్కువగా ఉన్న ట్రాన్స్‌ఫర్ విద్యార్థులను చాలా చోట్ల అలాగే అడుగుతారు. కొంతకాలానికి సీటు ఇచ్చినట్టు మెయిలు వచ్చింది.

వీసా దగ్గర ఆలస్యం నా వల్ల కాదు. 2025 మే చివరలో అమెరికా విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపేసింది. జూన్‌లో మళ్లీ మొదలుపెడుతూ, దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలు అందరికీ కనిపించేలా ఉంచాలని షరతు పెట్టింది. నా ఇన్‌స్టాగ్రామ్ తాళం తీసి చూసుకుంటే అన్నిటికన్నా ముందు కనబడింది ఏమిటో తెలుసా? ఫ్రెషర్స్ డే ఫొటో. మెడలో కాలేజీ ఐడీ కార్డు, వెనకాల బ్యానరు మీద కాలేజీ పేరు, బ్రాంచి, సంవత్సరం, అన్నీ పెద్ద అక్షరాల్లో. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ లెటరు చేయించుకుని ఉంటే ఈ ఫొటో పక్కన అది ఎంత అందంగా ఉండేదో! నాన్నకు చూపిస్తే, కన్సల్టెన్సీ మేనేజరుకు ఒక ప్రింటు తీసి పంపుదామా అన్నాడు.

185 డాలర్ల వీసా ఫీజు, విదేశీ విద్యార్థుల నమోదుకు 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టి, జులైలో హైదరాబాదు వెళ్లాం. నానక్‌రాంగూడలో కాన్సులేటు. గాజు వెనక ఉన్న అధికారి నా ఐ-20 (విశ్వవిద్యాలయం పంపిన ప్రవేశ పత్రం) చూసి, బీటెక్ ఎందుకు మానేశావని అడిగారు. గణితం, డ్రాయింగు పోయాయని, నాకు రాళ్లంటే ఇష్టమని ఆలస్యంగా తెలిసిందని చెప్పాను. భూగర్భశాస్త్రంలో గణితం లేదా అన్నారు. ఉంది, మొదటి సెమిస్టర్లోనే కాల్‌క్యులస్ తీసుకుంటున్నానన్నాను. ఖర్చు ఎవరు పెడతారు, బాబాయి ఏం చేస్తాడు అని మరో రెండు ప్రశ్నలు. ఏదో టైపు చేసుకుని, పాస్‌పోర్టు తమ దగ్గరే ఉంచుకుని, వీసా ఇస్తున్నామన్నారు. నా ఫైలులో అన్ని మెమోలూ తేదీల వరసలో పెట్టుకుని, ఏది అడిగినా తీసేలా రంగు చీటీలు అంటించుకుని వెళ్లాను. ఒక్కటీ అడగలేదు.

చేరాక మొదటి వారంలో క్రెడిట్ల లెక్క తేలింది. కెమిస్ట్రీ, ఇంగ్లిషు తీసుకున్నారు. ఫిజిక్స్ పాసైనా గ్రేడు చాలదని తీసుకోలేదు. ఎఫ్‌లకు క్రెడిట్ ఎలాగూ రాదు. అయితే ఇక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లాగే, పాత కాలేజీ నుంచి క్రెడిట్లు మాత్రమే వస్తాయి, గ్రేడ్లు రావు. నా జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, ఇక్కడ సున్నా నుంచి మొదలైంది. ఆ ఎఫ్‌లు ఫైల్లో ఉన్నాయి గానీ లెక్కలో లేవు. ఇంత సంగతి ముందే తెలిసి ఉంటే కన్సల్టెన్సీలో నాన్నకు అన్ని ప్రశ్నలు అడిగే శ్రమ తప్పేది.

సీ ప్రోగ్రామింగ్ మాత్రం ఇంకా తేలలేదు. ఆ సబ్జెక్టులో ఏమేం చెప్పారో చూడాలట. యూనిట్ల వారీగా సిలబస్ కావాలి, ప్రతి పేజీ మీద కాలేజీ ముద్ర ఉండాలి. నాన్నకు ఫోను చేసి చెప్పాను. "దానికేం, ఇన్‌వర్డ్ గుమాస్తా ఇప్పుడు మనవాడే కదా," అన్నాడు.